పాలు పోసిన పుట్ట, పొడి చల్లిన పుట్ట

మా అన్నయ్య కూతురు లావణ్యకి ఉద్యోగం వచ్చింది. లక్ష్మీపూర్ అవతల కొండల్లో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ బడికి సైన్స్ టీచరుగా వెళ్తోంది. నేను ఇరవై రెండేళ్ళు పనిచేసి, పోయిన ఏడు మెడలో దండ వేయించుకుని బయటికొచ్చిన బడి అదే. రాయగడలో మా ఇంటికొచ్చి, "అత్తా, అక్కడికి ఏం పట్టుకెళ్ళాలి?" అని అడిగింది. రెండు దుప్పట్లు, గొడుగు, టార్చిలైటు, జ్వరం మాత్రలు, చింతకాయ పచ్చడి అని చెప్పాను. బుద్ధిగా రాసుకుని వెళ్ళింది. అది గుమ్మం దాటాక గాని తట్టలేదు, అసలు చెప్పాల్సింది చెప్పలేదని. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడానికి నాకు సిగ్గు. అందులో తప్పంతా నాదే మరి. అందుకే రాస్తున్నాను.

సర్వీసు పుస్తకం ఎవరి బల్ల మీద ఆగిపోతుంది, సెలవు చీటీ ఎలా రాయాలి, ఎవరికి నమస్కారం పెట్టాలి, ఇవన్నీ ఆఫీసులో ఎవరైనా చెప్తారు. వాటి జోలికి నేను పోను. ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు నేర్పినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఏడో క్లాసు పిల్ల, రెండోవారు ఆ పిల్ల నాయనమ్మ. వాళ్ళ గురించే చెప్తాను.

భాష సంగతి ముందే చెప్పేస్తాను. మా నాన్న రాయగడ మున్సిపాలిటీలో కుళాయిల పని చేసేవాడు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. ఆశ్రమ బడి పిల్లలు కువి మాట్లాడే కోంధు పిల్లలు. మా మధ్య నడిచింది దేశియా. వాళ్ళ మాటల్ని ఇక్కడ మా ఇంటి తెలుగులోనే రాస్తున్నాను. నా చెవికి వాళ్ళు మావాళ్ళలాగే వినపడేవారు.

గడ్డి, జింక, సింహం

నా దగ్గర ఒక చార్టు ఉండేది. గడ్డి బొమ్మ, అక్కణ్ణించి బాణం గీత, జింక. మళ్ళీ బాణం, సింహం. ఏటా బడి తెరిచిన మొదటి వారంలో దాన్ని గోడకి తగిలించి ఆహారపు గొలుసు పాఠం చెప్పేదాన్ని. పిల్లలు ఒక్క గొంతుతో అప్పజెప్పేవాళ్ళు. కొరాపుట్ కొండల్లో సింహం ఎక్కడిదే తల్లీ అని నన్ను నేను ఒక్కసారైనా అడుక్కోలేదు. పరీక్షలో సింహాన్నే అడుగుతారు కాబట్టి నేనూ సింహాన్నే చెప్పాను. కొత్తదాన్నని సరిపెట్టుకోవడానికి కూడా లేదు, అప్పటికే ఆ బడిలో పదేళ్ళు ముదిరాను.

ఆ ఏడు ఏడో క్లాసులో సింగారి అనే పిల్ల ఉండేది. మనిషి చీపురుపుల్ల, గొంతు మాత్రం ప్రార్థనలో గోడ అవతలి ఊరికి వినపడేది. ఆ ఊరే దానిది. క్లాసు లీడరు కూడా అదే. పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"గురుమా, సింహాన్ని ఎవులు తింతారు?"

మా వైపు ఆడ టీచర్ని గురుమా అంటారు.

"ఎవరూ తినరు. అది అడవికి రాజు."

"సచ్చిపోయినాక?"

క్లాసంతా గొల్లుమంది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడం కూడా తెలియదు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గునపం

ఆ వారమే లైబ్రరీ బీరువా తెరిస్తే నిండా చెదలు. కథల పుస్తకాలు ముట్టుకుంటే పొడిగా రాలాయి. మా హెడ్‌మేడమ్ తల పట్టుకుని, "సైన్స్ టీచరు మీరే కదా, ఏదో ఒకటి చూడండి" అంది. చెడ్డ మనిషి కాదు ఆవిడ. తనిఖీ అంటే మాత్రం వణుకు. ముప్పయ్యేళ్ళ సర్వీసంతా ఒక తనిఖీకీ ఇంకో తనిఖీకీ మధ్య ఊపిరి పీల్చుకోవడంతోనే గడిచిపోయింది పాపం. తెల్లారేసరికి ఆవరణలో ఒక్క ఆకు కనపడకూడదు. పిల్లలు ఊడ్చి, కుప్ప పోసి, అంటించి, ఆ తర్వాతే ప్రార్థనకి రావాలి. ఆ ఊడ్పు మీద అజమాయిషీ నాదే.

వంటింటి వెనక, గోడ వార, నా నడుమెత్తున ఒక పుట్ట ఉండేది. చెదలు అక్కణ్ణించే వస్తున్నాయని తేల్చేశాను. సంత రోజున లక్ష్మీపూర్‌లో సూరిబాబు మావయ్య కొట్టుకి వెళ్ళాను. వాళ్ళ తాతల నాడు విజయనగరం నుంచి వచ్చిన కిరాణా వ్యాపారి ఆయన. తెలుగు మాట చెవిన పడితే చాలు, స్టూలు వేసి టీ చెప్తాడు.

"ఏటమ్మి, సెదలా? ఈ పొడి అట్టుకెల్లు. ముందర గునపంతో పుట్ట బద్దలు కొట్టించు. లోపల్దాకా పొయ్యి. మల్లీ ఆ సోటికి సీమ కూడా రాదు."

"పిల్లలు తిరిగే చోటు మావయ్యా."

"ఏటవదు. సేతులు బాగా కడుక్కోమను."

ఆదివారం పొద్దున్న పెద్ద క్లాసుల పిల్లల్ని పుట్ట దగ్గర నిలబెట్టాను. పొడి నేను పోస్తానని, తవ్వడం వాళ్ళ పని అని చెప్పాను. విషం డబ్బా ఉన్న చోటికి పిల్లల్ని రానివ్వడమే ఒక తప్పు, దానికి సమాధానం లేదు. గునపం సింగారికి అందించాను. అది చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గురుమా, పుట్టకి ఇనుము తగలకూడదు."

"ఎవరు చెప్పారు?"

"మా నాయనమ్మ."

"ఎందుకు తగలకూడదట?"

"తెల్దు. తగలకూడదు, అంతే."

కారణం చెప్పలేనిదంతా మూఢనమ్మకం అని నేను కాలేజీలో నేర్చుకుని వచ్చాను. పాతికమంది ముందు ఒక పిల్ల కాదనేసరికి కోపం కూడా వచ్చింది. "లీడరువి నువ్వే భయపడితే మిగతావాళ్ళు ఏం నేర్చుకుంటారు? మొదటి దెబ్బ నువ్వే వెయ్యి" అన్నాను. సింగారి ఒకసారి నా మొహంలోకి చూసింది. తర్వాత గునపం ఎత్తి వేసింది.

పుట్ట విడిపోయాక లోపల స్నానం చేసే పీచులాంటి బూడిదరంగు ముద్దలు కనిపించాయి. వాటి నిండా ఆవగింజలంత తెల్ల చుక్కలు. ఛీ, పురుగు గుడ్లు అనుకుని డబ్బా మొత్తం కుమ్మరించాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అంతకుముందు కార్తీకంలో నాగుల చవితి నాడు నాగావళి ఒడ్డున పుట్టలో పాలు పోసి, చలిమిడి పెట్టి, ఆ పుట్టమన్ను చెవులకి రాసుకుని ఇంటికొచ్చినది ఈ పైడితల్లే, అంటే నేనే. రాయగడలో పుట్ట నాకు దేవుడు. బడిలో పుట్ట నాకు చెద. రెండూ ఒకటేనని ఒక్క క్షణం కూడా తట్టలేదు. సింగారి మాటని మూఢనమ్మకం అన్న నోటితోనే నేను నాగన్నకి దండకం చదివాను. మనవాళ్ళ ఇళ్ళల్లో పుట్టి, చదువుకుని, ఆ కొండలెక్కే ప్రతి పిల్లా ఈ తప్పు చేస్తుంది లావణ్యా. నువ్వూ జాగ్రత్త.

నేను నోరు విప్పని రోజు

వానలు పట్టాయి. ఒక రోజు రాత్రంతా ఉరిమి తెల్లవారింది. పొద్దున్నే సింగారి నాయనమ్మ గేటు దగ్గరికొచ్చింది, చేతిలో అడ్డాకులు కుట్టిన పెద్ద దొప్ప. కాపలా మనిషి మాట్లాడకుండా గేటు తీశాడు. ఏటా వస్తుందట. ఇన్నేళ్ళలో నేను చూడనేలేదు.

ఆ ఊళ్ళో ప్రతి పుట్టకీ ఒక ఇల్లుంటుంది. ఆ పుట్ట మీద లేచిన తొలి పుట్టగొడుగులు ఆ ఇంటివాళ్ళే తీయాలి, తీసి ఊరికి పంచాలి. పుట్టని కాచుకునే పనీ ఆ ఇంటిదే. బడి కట్టినప్పుడు ఆ నేల గోడ లోపలికి వచ్చేసింది. పుట్ట మాత్రం సింగారి ఇంటిదిగానే ఉండిపోయింది. ఈ సంగతులన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. పుట్టగొడుగు అనే మాట పుట్టినప్పటి నుంచీ అంటున్నాను గాని, అందులో పుట్ట ఎందుకుందో ఆలోచించిన పాపాన పోలేదు.

ఆవిడ వంటింటి వెనక్కి వెళ్ళి నిలబడిపోయింది. చదునైన మట్టి, దాని మీద ఇంకా తెల్లగా పొడి చారలు. ఒక్క పుట్టగొడుగు లేదు. వంగి మట్టి తీసి వాసన చూసింది. వెనక్కి తిరిగి అడిగింది.

"ఎవులు సేసేరు?"

పిల్లలు కంచాలు కడుక్కుంటున్న చోటే ఆగిపోయారు. హెడ్‌మేడమ్, నేను వరండాలో ఉన్నాం. నా చేతిలో హాజరు పట్టీ ఉంది. సింగారి లైనులోంచి బయటికి వచ్చి నావైపు చూసింది. చెప్పడానికి కావలసినంత సేపు చూసింది. పక్కన హెడ్‌మేడమ్ ఉంది, ఎదురుగా బడి మొత్తం ఉంది. నా నోరు పెగల్లేదు.

"నానే. మొదటి దెబ్బ నానే ఏసినాను" అంది సింగారి.

ముసలావిడ దొప్ప కింద పెట్టేసింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, "నీ పెట్టి తెచ్చుకో" అంది. హెడ్‌మేడమ్ వైపు తిరిగి, "సొంత పుట్టని పగలగొట్టే సదువు మాకొద్దు" అని చెప్పింది. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని సింగారి గేటు దాటింది.

"శీతాకాలం పరీక్షలకి పేర్లు పంపాలి. ఆలోగా రాకపోతే పేరు కొట్టేస్తాను" అంది హెడ్‌మేడమ్. అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఏడో క్లాసు మెట్టెక్కిన మొదటి పిల్ల సింగారి. ఏడులో పెట్టె సర్దుకుని వెళ్ళిన పిల్ల ఎనిమిదికి తిరిగొచ్చినట్టు నా పదేళ్ళలో నేను చూడలేదు. పన్నెండేళ్ళ పిల్ల చదువు నా మౌనంతో ఆగిపోయింది. ఎలాగైనా తిరిగి తేవాలని ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను.

పాలు

మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి హెడ్‌మేడమ్ రాసిన ఉత్తరం పట్టుకుని. రెండోసారి బిస్కెట్లు, కొత్త నోటుబుక్కులు. మూడోసారి ఊరి ఆశా కార్యకర్తని తోడు తీసుకుని. మూడుసార్లూ చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చాను. ముసలావిడ తన పని తాను చేసుకుంటూనే ఉంది, ఒకసారి చోళ్ళు, అదే రాగులు, విసురుతూ, ఒకసారి అడ్డాకులు కుడుతూ. సింగారి తలుపు వెనక నిలబడి వింది. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను.

నాగుల చవితికి రాయగడ వచ్చాను. మా అమ్మతో కలిసి నాగావళి ఒడ్డున పుట్ట దగ్గర కూర్చున్నాను. పాలచెంబు వంచబోయి మళ్ళీ కింద పెట్టేశాను.

"ఏటమ్మి, ఏటైనాది?" అంది అమ్మ.

అక్కడే ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. అమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! పొడి పోసిన సేత్తోనే పాలు పోత్తన్నావేటే!" గొంతు తగ్గించి అడిగింది. "సేయించింది నానే అని ఆ ముసిలమ్మకి సెప్పేవా?"

"లేదు."

"సెప్పనేదా? మరెందుకే మూడుసార్లు ఆ కొండెక్కేవు? ఎల్లు. బేగి ఎల్లు."

ఆ పాలచెంబు మూతికి గుడ్డ కట్టి, పుట్టలో వేసే గుడ్లు రెండు పట్టుకుని, బస్సెక్కాను. బడికి కూడా వెళ్ళకుండా సరాసరి ఊళ్ళోకి నడిచాను. చోళ్ళు నూర్చే కళ్ళంలో ఊరు ఊరంతా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి చాటుగా చెప్దామని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ అదే పిరికితనం. అక్కడే, అందరి ముందే చెప్పాను.

"ఇనుము పెట్టించింది నేను. పొడి తెచ్చింది నేను, పోసింది నేను. వద్దని సింగారి చెప్పింది, నేనే వినలేదు. ఆ రోజు నువ్వడిగినప్పుడు నోరు మూసుకున్నదీ నేనే."

ముసలావిడ చేట దులిపి పక్కన పెట్టింది.

"తెలుసు."

"సింగారి చెప్పిందా?"

"అది సెప్పనేదు. గేటు దాటనివ్వరు కదా మీరు, పన్నెండేళ్ళ గుంట సంతకెల్లి పొడి తెచ్చీసిందేటి? నువ్వెప్పుడు సెప్తావా అని సూత్తన్నాను. మూడుపాలి వచ్చేవు, మూడుపాలీ బిస్కోతులు, కాయితాలు. నా గుంట నీ తప్పు నెత్తినెట్టుకుని ఇంట్లో కూకుంది. దానికే కడుపు మండింది నాకు, పుట్టకన్నా."

ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చింది. తర్వాత నా చేతిలో చెంబు చూసి అడిగింది.

"అదేటి?"

"పాలు. పుట్టలో పోద్దామని."

కళ్ళంలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. సింగారి కూడా.

ఆకు

"పాలు సంటిపిల్లకి పొయ్యి" అంది ముసలావిడ. "సెదకి పాలెందుకు? ఆకు కావాల. పొద్దు పొడిసీసరికి ఆకంతా ఊడిసి కాల్సెత్తారు మీరు. మరవి ఏటి తింతాయి? నీ పుస్తకాలు తింతాయి."

నేను పదేళ్ళు చెప్పిన సైన్సుకి అంతకంటే పెద్ద చెంపదెబ్బ తగల్లేదు. ఎండుటాకు, కుళ్ళిన కొమ్మ లోపలికి మోసుకెళ్ళి, నమిలి, వాటితో మడి కట్టి, ఆ మడి మీద పంట పండించుకుని చెదలు బతుకుతాయని, ఆ పంటే వానలకి పైకి లేచి మన కూరలోకి వస్తుందని ఆవిడ చెప్పింది. నేను పురుగు గుడ్లనుకున్న తెల్ల చుక్కలు ఆ పంటే. తర్వాత కొరాపుట్‌లో ఒక కాలేజీ మేడమ్ దగ్గర పుస్తకం అడిగి తీసుకుని చదివాను. ఉన్నది ఉన్నట్టు ముసలావిడ చెప్పిందే ఉంది. ఇనుము ఎందుకు తగలకూడదో కూడా అప్పుడు అర్థమైంది. గునపం దిగితే మడి విరుగుతుంది. చేత్తో మెలితిప్పి తీస్తే పైది వస్తుంది, లోపలిది ఉంటుంది.

ఆవిడ పెట్టిన షరతు ఒకటే. ఆకు కాల్చకూడదు. ఊడ్చిన ఆకు తీసుకెళ్ళి పాత పుట్ట చోట వెయ్యాలి. "అడుగున ఏదైనా బతికుందో నేదో నాకూ తెల్దు. ఎయ్యండి, సూద్దాం" అంది. మర్నాడు సింగారి రేకుపెట్టెతో బడికి వచ్చింది, పేర్లు పంపడానికి సరిగ్గా మూడు రోజుల ముందు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ కళ్ళంలో చెప్పిందే మళ్ళీ చెప్పాను. హెడ్‌మేడమ్‌కి నచ్చలేదు. టీచరు పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే బడి పరువు పోతుందని ఆవిడ నమ్మకం. నా అనుభవంలో పోలేదు. ఆ రోజు నుంచి పిల్లలు నన్ను ఎక్కువ ప్రశ్నలు అడగడం మొదలెట్టారు.

చార్టు గోడ మీంచి దింపేసి, ఆ గొలుసునే బోర్డు మీద రాశాను. సింగారిని పిలిచి సుద్దముక్క ఇచ్చి, "నీ ప్రశ్న ఇంకా ఉంది. చచ్చిన సింహాన్ని ఎవరు తింటారు?" అని అడిగాను. అది ముందు సింహాన్ని చెరిపేసి ఎలుగుబంటి అని రాసింది. ఎలుగు నుంచి గద్ద, ఈగ, చీమ, అక్కణ్ణించి మట్టి. మట్టి నుంచి ఇప్పచెట్టు, చెట్టు నుంచి ఆకు, ఆకు నుంచి చెద, చెద నుంచి పుట్టగొడుగు. చెద నుంచే ఇంకో బాణం గీసి మళ్ళీ ఎలుగుబంటి దగ్గరికి తెచ్చింది, పుట్ట తవ్వుకుని చెదలు తినేది అదే కదా అని. నా చార్టులో బాణం ఎప్పుడూ వెనక్కి రాలేదు.

ఆకుల కుప్ప చూసి తనిఖీకి వచ్చిన అధికారి పరిశుభ్రత మార్కులు కోసేశాడు. కుప్ప తీయించమని హెడ్‌మేడమ్ కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. తీయనని నేనూ కాగితం మీదే రాసిచ్చాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు ఆవిడ. పోతే పోనీ అనుకున్నాను. బీరువాని గోడకి దూరంగా జరిపి, కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాం. ఆ తర్వాత పుస్తకాలకి చెద పట్టలేదు. అది ఆకు వల్లో, పళ్ళేల వల్లో ఖాయంగా చెప్పలేను. తెలియనప్పుడు తెలియదనడం అప్పటికి అలవాటైంది.

"ఎవులొత్తారు?"

అప్పటి నుంచి శనివారం శనివారం పిల్లల్ని తీసుకుని ముసలావిడ వెనక అడవిలోకి వెళ్ళేదాన్ని. ఆవిడ ముందు, పిల్లలు మధ్యలో, నేను ఆఖరున. నేను ఏ చెట్టు దగ్గర ఆగినా దీని పేరేమిటి అని అడిగేదాన్ని. ఆవిడ ఎప్పుడూ అలా అడగలేదు. "దీని కాడికి ఎవులొత్తారు?" అని అడిగేది.

ఇప్పచెట్టు దగ్గరికి ఎవరొస్తారు? రాత్రి గబ్బిలం వస్తుంది, తెల్లారకముందే ఎలుగు వస్తుంది, తెల్లారాక మనం వస్తాం, మనం వదిలింది జింక తింటుంది. అడ్డాకు తీగ ఎవరి మీద ఎక్కింది? గుగ్గిలం చెట్టు మీద. ఎర్రచీమలు గూడు ఎక్కడ కట్టాయి? మామిడి మీద. అవి ఉన్న కొమ్మకి పురుగు పట్టదు, అందుకే గూళ్ళన్నీ దులపకూడదు, ఒకటి వదలాలి. కొత్త మామిడి పండగ దాటేదాకా కాయ కోయకూడదు, ముదిరిన టెంకే మొలుస్తుంది. పిల్లలకి ఇందులో సగం ముందే తెలుసు. బడిలో చెప్పదగిన విషయమని మాత్రం వాళ్ళకి తెలియదు. ఆ సంగతి వాళ్ళకి తెలియకుండా చేసింది నాలాంటివాళ్ళమే.

నీ పాఠం ఏదైనా సరే, ఈ ఒక్క ప్రశ్నతో మొదలెట్టు. క్లాసులో ఎప్పుడూ నోరెత్తని పిల్ల మొదట చెయ్యెత్తుతుంది. నేను చూశాను.

ఒక హెచ్చరిక కూడా ఉంది. సంబరం పట్టలేక ఒక ఏడు ముసలావిడ చూపించిన మందు మొక్కలన్నీ చార్టు మీద రాయించి ప్రదర్శనకి పంపబోయాను. ఆవిడ చూసి నాలుగు మొక్కల మీద వేలు పెట్టి, "ఇవి తీసెయ్యి" అంది. ఎందుకని అడగబోయి ఆగాను. గునపం నాటి పిల్ల గొంతు గుర్తొచ్చింది. తీసేశాను. ఆవిడ చెప్పమన్నది పిల్లలకి చెప్పాను, చెప్పొద్దన్నది నాతోనే ఉంది. ఇక్కడ కూడా రాయను.

నాలుగో వాన

పుట్ట చోట రెండో ఏడు వానలకి ఏమీ లేవలేదు. మూడో ఏడూ లేవలేదు. పిల్లలు ఆకు వేస్తూనే ఉన్నారు. తొలకరికి రెక్కల చెదలు, అవే ఉసుళ్ళు, రేగే వేళకి వరండా లైట్లు ఆర్పించేదాన్ని, అవి దీపానికి పడి చావకుండా నేలలోకి దిగుతాయని. హాస్టల్ వంటమ్మ నవ్వేది, "గురుమాకి పుట్ట పిచ్చి పట్టింది" అని. పట్టిన మాట నిజమే. ముసలావిడ మాత్రం పుట్టగొడుగు లేస్తే తప్ప బడిలో అడుగు పెట్టనంది. అడవిలో కలిసేది, గేటు దాకా వచ్చి ఆగిపోయేది.

నాలుగో ఏటికి సింగారి పదో క్లాసు. ఒక పొద్దున్న చీపురు పట్టుకునే నా గదికి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. పాత పుట్టకి నాలుగు మూరల దూరంలో, ఆకుల కింద మట్టి ఉబ్బి ఉంది, దాని మీద తెల్లగా, లేతగా, ముడుచుకున్న గొడుగులు. పదో పన్నెండో. పాత పుట్టే అడుగున బతికిందో, కొత్తవి వచ్చి చేరాయో నాకు ఈ రోజుకీ తెలియదు. సింగారి వాటిని ముట్టుకోలేదు. గోడ దగ్గరికెళ్ళి, ప్రార్థనలో పాడే గొంతుతో నాయనమ్మని కేకేసింది.

ముసలావిడ అడ్డాకు దొప్పతో గేటు లోపలికి వచ్చింది. పిల్లలంతా గుండ్రంగా నిలబడ్డారు. హెడ్‌మేడమ్ కూడా వరండా దిగి వచ్చింది. ముసలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని అంది.

"నా కొడుకు పనికని దూరదేశం ఎల్లిపోయేడు. ఈ గుంట రేపోమాపో ఇంకో ఊరెల్తాది. నా తర్వాత ఈ పుట్టకి ఇల్లు నేదు. ఇకనించి దీనికి ఈ బడే ఇల్లు."

నేను పక్కకి తప్పుకున్నాను, ఆవిడ తీస్తుందని. సింగారి నా మోచెయ్యి పట్టుకుని ముందుకి నెట్టింది.

"మొదటిది నువ్వే తియ్యి గురుమా."

నా మాటే అది. మూడేళ్ళ కిందట గునపం అందిస్తూ నేనన్న మాట. దానికి గుర్తుండే అందో, ఊరికే అందో తెలియదు, అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఇనుము వొద్దు, సేత్తో. మెల్లిగా తిప్పు" అంది ముసలావిడ. తిప్పాను. వచ్చింది. ఆ రోజు బడిలో ఉన్న ప్రతి పిల్ల కంచంలోనూ ఒక చిన్న ముక్కైనా పడింది, హెడ్‌మేడమ్ కంచంతో సహా.

సింగారి ప్లస్ టూ దాకా చదివింది. ఇప్పుడు తన ఊరి అంగన్‌వాడీలోనే పని చేస్తోంది. డాక్టరు కాలేదేమని అడిగినవాళ్ళున్నారు. నాకు ఏ లోటూ కనపడలేదు. చిన్నపిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి "దీని కాడికి ఎవులొత్తారు?" అని అడుగుతుంటే గోడ ఇవతల నిలబడి విన్నాను, చాలు నాకు. ముసలావిడ ఇంకా ఉంది. అడవికి వెళ్ళలేదు గాని, కళ్ళంలో కూర్చుని అందర్నీ తిడుతుంది.

లావణ్యా, వంటింటి వెనక, గోడ వార. జూన్‌లో నువ్వు చేరేసరికి తొలకరి పడుతుంది. ఎవరైనా గునపం తెస్తే అడ్డం నిలబడు. కాగితం మీద రాసిమ్మంటే రాసివ్వు. ఉరుములు ఉరిమిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూడు. గొడుగులు లేచి ఉంటాయి. చెయ్యి ముందుకి చాచకు. పిల్లల్ని పిలిచి, వాళ్ళు నిన్ను తియ్యమనేదాకా ఆగు. మొదటి ఏడు అనకపోవచ్చు. నాకు నాలుగో వాన దాకా పట్టింది.